ఆరు తొట్లు, ఇరవై నాలుగు అమానతులు

మదర్సాలో చేపల తొట్లెందుకని అడిగే పెద్దలు మా పెడనలో ఇప్పటికీ ఉన్నారు. వారి ప్రశ్నలో తప్పేమీ లేదు. ఖుర్ఆన్ పారాయణం, ఫిఖహ్, అరబ్బీ వ్యాకరణం నేర్పవలసిన చోట గప్పీ చేపలకు మేత వేస్తూ, కొలతలు రాసుకుంటూ పిల్లలు కనిపిస్తే ఎవరికైనా ఆశ్చర్యం కలుగుతుంది. అయితే ఆ నాలుగు వారాల్లో మా పిల్లలు న్యాయం, సాక్ష్యం, అమానత్ అనే మూడు మాటలకు అర్థం తమ చేతులతో తెలుసుకున్నారు. అందుకే ఆ పరీక్షను ఎలా రూపొందించుకున్నామో ఈ పత్రిక పాఠక సోదర సోదరీమణుల ముందు ఉంచుతున్నాను.

మా దగ్గర చదివే పిల్లల్లో కొందరు మదర్సాలోనే ఉంటారు. మిగిలినవారు పగలు బడికి వెళ్లి, అస్ర్ నమాజు తర్వాత మా దగ్గరకు వస్తారు. ఒక విద్యార్థి మచిలీపట్నంలోని అక్వేరియం దుకాణం నుండి గప్పీ చేపలు తెచ్చాడు. గప్పీ గుడ్లు పెట్టదు, పిల్లల్నే కంటుంది. తల్లి చేప తన పిల్లల్ని తానే తినే ప్రమాదం ఉంది గనుక, పుట్టిన పిల్లలన్నిటినీ నాచు వేసిన వేరే తొట్టిలోకి మార్చాం. ఆ రోజే వాదం మొదలైంది. కొద్దికొద్దిగా ఎక్కువసార్లు మేత వేస్తే త్వరగా పెరుగుతాయని ఒకడు అన్నాడు. మా అన్నయ్య రెండు పూటలే వేస్తాడు, ఆ చేపలు బాగానే ఉన్నాయని మరొకడు అన్నాడు. ఇద్దరూ నా వైపు చూసి, "మౌల్వీ సాబ్, మీరు చెప్పండి!" అన్నారు. ఇటువంటి విషయం గురువు మాటతో తేలదు, చేపల్నే అడగాలి అని చెప్పాను.

పెంచడం ధర్మమేనా?

ముందుగా ఒక విద్యార్థి అడగవలసిన ప్రశ్నే అడిగాడు. అల్లాహ్ సృష్టించిన ప్రాణుల్ని మన కుతూహలం కోసం తొట్టిలో బంధించవచ్చా?

హజ్రత్ అనస్ (రజి) తమ్ముడైన అబూ ఉమైర్ దగ్గర ఒక చిన్న పిట్ట ఉండేది. అది చనిపోయి పిల్లవాడు దిగులుగా ఉన్నప్పుడు, దైవప్రవక్త (స) ఆ పిట్టను గురించి ఆప్యాయంగా అడిగి అతన్ని పలకరించారు. బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఉన్న ఈ చిన్న సంఘటన నుండి హిజ్రీ నాలుగో శతాబ్దపు షాఫయీ ధర్మవేత్త ఇబ్నుల్ ఖాస్ 60 ప్రయోజనాలను వెలికితీసి ఒక ప్రత్యేక గ్రంథమే రాశారు. పిల్లలు పిట్టను పెంచుకోవచ్చుననే అనుమతిని ధర్మవేత్తలు ఈ హదీసు నుండే గ్రహించారు. దీని పక్కనే మరో హదీసును చదవాలి. ఒక స్త్రీ పిల్లిని కట్టేసి తిండి పెట్టలేదు. నేల మీది పురుగుల్ని తిని బతకడానికీ దాన్ని వదలలేదు. ఆ కారణంగా ఆమె శిక్షకు గురైంది. పెంచవచ్చునని మొదటి హదీసు చెబుతుంటే, పెంచేవాడి మెడకు చుట్టుకునే బాధ్యతను రెండోది చెబుతోంది.

ఈ రెండు హదీసుల మధ్యనే మా పరీక్ష హద్దులు నిర్ణయమయ్యాయి. "ఒక గుంపుకు మేత వేద్దాం, రెండో గుంపుకు అసలు వేయకుండా చూద్దాం" అని ఒక చిన్నవాడు ఉత్సాహంగా అన్నాడు. దానికి నేను ఒప్పుకోలేదు. మేత లేకపోతే చస్తాయన్నది అందరికీ తెలిసిన విషయమే. తెలిసినదాన్ని మళ్లీ తెలుసుకోవడానికి ఒక ప్రాణిని ఆకలితో మాడ్చే హక్కు మనకు లేదు. ఆలోచించి ప్రశ్నను ఇలా మార్చుకున్నాం: రోజంతటికీ మేత పరిమాణం ఒక్కటే అయినప్పుడు, దాన్ని రెండు పూటలా వేయడానికీ నాలుగు పూటలా వేయడానికీ పెరుగుదలలో తేడా వస్తుందా? ఇందులో ఏ పిల్లా పస్తుండదు. జవాబు మాత్రం మాలో ఎవరికీ తెలియదు. పిల్లలతో చేయించే పరీక్షకు ఈ రెండు లక్షణాలూ ఉండాలి.

గుంపులు ఎవరు విడదీయాలి?

రెండు గుంపుల్ని పోల్చి చూసే పద్ధతి ఇస్లామీయ విజ్ఞాన చరిత్రకు కొత్త కాదు. హకీం అబూ బక్ర్ ముహమ్మద్ బిన్ జకరియ్యా రాజీ వెయ్యేళ్లకు పైబడిన కాలంలో బాగ్దాద్, రై నగరాల్లో వైద్యం చేశారు. మెదడు పొరల వాపు వంటి జబ్బులో కొందరు రోగులకు రక్తం తీసి, మరికొందరికి కావాలనే తీయకుండా వదిలి, ఫలితాన్ని పోల్చి చూశానని ఆయన రాసుకున్నది 'అల్ హావీ' గ్రంథంలో ఉంది. రక్తం తీయడం వల్లనే మొదటి గుంపు బతికిందని ఆయన భావించారు. నేటి వైద్యం దీన్ని అంగీకరించదు. మరి అంతటి వైద్యుని పోలిక ఎక్కడ తడబడి ఉండవచ్చు?

ఎవరు ఏ గుంపులో ఎలా చేరారన్నది ఆ మాటల్లో లేదు. కాస్త బలంగా ఉన్న రోగులు ఒక వైపునకు, నీరసించినవారు మరో వైపునకు చేరి ఉంటే, చికిత్స ఏదైనా బలవంతుల గుంపే గెలుస్తుంది. చేపపిల్లల్లోనూ ఇంతే. వలలో చెయ్యి పెట్టగానే ముందు దొరికేవి మందకొడి పిల్లలు, తప్పించుకునేవి చురుకైనవి. మొదట దొరికిన పన్నెండింటిని ఒక గుంపుగా, మిగిలిన పన్నెండింటిని రెండో గుంపుగా పెడితే, మేత పడకముందే అన్యాయం జరిగిపోయినట్టు.

దీనికి మందు చీటీలు వేయడం. ఇంగ్లండ్‌లోని రాథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో పనిచేసిన రొనాల్డ్ ఫిషర్ 1935లో ప్రయోగాల రూపకల్పనపై గ్రంథం ప్రచురించి, పోల్చే గుంపుల్ని మనిషి ఇష్టానికి వదలకుండా అదృష్టానికే అప్పగించాలన్న నియమాన్ని స్థిరపరిచారు. కేంబ్రిడ్జిలో ఆయన పర్యవేక్షణలో పరిశోధన చేసినవారిలో మన తెలుగువాడు, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన సి.ఆర్.రావు ఒకరు. ప్రయోగాల రూపకల్పనలో ఆయన చేసిన కృషిని నేటికీ ప్రపంచమంతా వాడుకుంటోంది.

చీటీలు అనగానే ఒక విద్యార్థి, "అది జూదం కాదా మౌల్వీ సాబ్?" అన్నాడు. మంచి ప్రశ్నే. బాణాలతో అదృష్టం చూసుకోవడాన్నీ జూదాన్నీ దివ్య ఖుర్ఆన్ నిషేధించింది. ఖురా, అంటే న్యాయం కోసం చీటీ తీయడం, వేరు. చిన్నారి మర్యం (అలైహిస్సలాం) సంరక్షణ ఎవరికి దక్కాలన్నది కలాలు వేసి తేల్చుకున్న వైనం ఆలి ఇమ్రాన్ సూరాలో ఉంది. ప్రయాణానికి బయలుదేరేటప్పుడు వెంట ఎవరు రావాలో దైవప్రవక్త (స) తమ సతీమణుల మధ్య చీటీ వేసేవారని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. వాటాలు పంచేటప్పుడు మనసుల తృప్తి కోసం ఖురా వేయడాన్ని మన హనఫీ ఫిఖహ్ గ్రంథాలు కూడా చెబుతాయి. జూదంలో ఒకరి సొమ్ము మరొకరికి అన్యాయంగా పోతుంది. ఖురాలో పక్షపాతం అనే మానవ బలహీనత పక్కకు తప్పుకుంటుంది. ఫిషర్ పొలంలో చేసింది కూడా ఈ రెండో పనే.

కాబట్టి చేపపిల్లల్ని ఒక్కొక్కటిగా కప్పుతో తీసి, ప్రతిదానికీ ఒక చీటీ ఎత్తి, చీటీలో ఉన్న తొట్టిలో వదిలాం. ఏ తొట్టికి రెండు పూటలు, ఏ తొట్టికి నాలుగు పూటలు అన్నది మళ్లీ వేరుగా చీటీ తీసి నిర్ణయించాం.

ఒక తొట్టి, ఒక సాక్షి

ఇరవై నాలుగు పిల్లల్ని రెండే తొట్లలో, పన్నెండేసి చొప్పున పెడితే సరిపోదా అని పెద్ద పిల్లలు అడిగారు. పని తేలిక, చోటు కలిసివస్తుంది. నేను హదీసు శాస్త్రం నుండి వారికి తెలిసిన ఉదాహరణే చెప్పాను. ఒక మాటను పదిమంది ఉల్లేఖించారనుకోండి. విచారిస్తే ఆ పదిమందీ ఒకే మనిషి నోట విన్నారని తేలింది. అప్పుడు మూలంలో ఉన్న సాక్షులు పదిమందా, ఒక్కడా? ఒక్కడే. ఒకే తొట్టిలో ఉన్న పన్నెండు చేపపిల్లలు కూడా అంతే. అవన్నీ ఒకే నీరు తాగుతాయి, ఒకే కిటికీ ఎండ కాస్తాయి, ఒకే దుడుకు చేప చేతిలో దెబ్బలు తింటాయి. ఆ తొట్టి నీరు చెడితే పన్నెండూ కలిసి కుంగిపోతాయి. తప్పు నీటిదైతే నింద మేత పద్ధతి మీద పడుతుంది.

అందుకే పది లీటర్ల పారదర్శక తొట్లు ఆరు సమకూర్చుకున్నాం. ఒక్కొక్క దానిలో నాలుగు పిల్లలు. మూడు తొట్లకు రెండు పూటలు, మూడు తొట్లకు నాలుగు పూటలు. చేపలు ఇరవై నాలుగైనా మా సాక్షులు ఆరుగురే, పక్షానికి ముగ్గురు.

ఈ పాఠం చిన్నపిల్లలకే పరిమితం కాదు. మన బందరు, కైకలూరు ప్రాంతాల్లో రొయ్యల చెరువులూ చేపల చెరువులూ నడిపే సోదరులు ఎందరో ఉన్నారు. ఫలానా మందు చల్లిన చెరువు బ్రహ్మాండంగా వచ్చిందని అమ్మేవాడు చెబుతాడు. అప్పు తెచ్చి కొంటాం. ఆ ఒక్క చెరువు ఒక్క సాక్షి. దాని నేల, నీరు, వేసిన సీడు, ఆ ఏటి వాతావరణం అన్నీ ఆ సాక్ష్యంలో కలిసిపోయి ఉంటాయి. మందు చల్లని చెరువులు ఎన్నింటితో పోల్చారు, ఏ చెరువుకు చల్లాలో ఎవరు ఎంచారు అని అడగడం మా పన్నెండేళ్ల పిల్లలు నేర్చుకున్నారు. లక్షలు పెట్టే పెద్దలు కూడా అడగవచ్చు.

పెద్ద శాస్త్రవేత్తలకూ ఇదే చిక్కు ఎదురైంది. ఒడిశాలోని కౌసల్యాగంగలో ఉన్న కేంద్ర మంచినీటి మత్స్య పరిశోధన సంస్థ 1992లో నార్వే శాస్త్రవేత్తల సహకారంతో మేలురకం రోహూ కోసం పని ప్రారంభించింది. మనం శీలావతి అని పిలుచుకునే చేప అదే. గంగ, యమున, బ్రహ్మపుత్ర వంటి నదుల నుండి చేపలు తెచ్చి జత కట్టించారు. ఏ కుటుంబం పిల్లలు బాగా పెరుగుతాయో తేల్చాలంటే, వేర్వేరు చెరువుల్లో పెంచితే చెరువు గుణం అడ్డు వస్తుంది. అందుకని పిల్లలు కాస్త ఎదిగే వరకు విడిగా ఉంచి, ఆ తర్వాత ఒక్కొక్క దాని ఒంట్లో గుర్తింపు సంఖ్య గల చిన్న చిప్ అమర్చి, అన్ని కుటుంబాలనూ ఒకే చెరువులో కలిపి పెంచారు. ఒకే నీరు, ఒకే మేత. తేడా వస్తే అది పుట్టుకతో వచ్చినదే. అలా తరానికి సుమారు 17 శాతం చొప్పున పెరుగుదల మెరుగైన ఆ రకం, స్వాతంత్ర్య స్వర్ణోత్సవ సంవత్సరమైన 1997లో 'జయంతి రోహూ' పేరుతో వెలువడింది. మా గప్పీ పిల్లలకు చిప్ అమర్చలేం. పైగా ఒకే తొట్టిలో నాలుగింటికి రెండు పూటలూ, మరో నాలుగింటికి నాలుగు పూటలూ మేత వేయడం సాధ్యం కాదు. కనుక మాకు మిగిలిన దారి తొట్ల సంఖ్య పెంచడమే.

నీరు, చోటు, కొలత

తేడా ఒక్క విషయంలోనే ఉండాలి, మిగిలినవన్నీ సమానంగా ఉండాలి అన్న నియమాన్ని మా ఊరి పిల్లలకు అర్థం చేయించడం కష్టం కాలేదు. ఇక్కడ చాలా ఇళ్లలో కలంకారీ అచ్చు పని ఉంది. కరక్కాయ పాలు తక్కువైందా, పటిక ఎక్కువైందా అని తెలుసుకోవాలంటే ఒకే తానులోని రెండు ముక్కలు తీసుకొని, ఒక్కటి మాత్రమే మార్చి చూడాలని వారికి పెద్దల పని చూసి తెలుసు.

ఆ పని నుండే ఒక జాగ్రత్త కూడా వచ్చింది. అద్దకం పనిలో వాడిన బకెట్లు ఎంత కడిగినా సరే, చేపలకు వాడరాదని కట్టడి చేశాం. పటిక, ఇనుము, రంగుల అవశేషాలు చేపపిల్లలకు ప్రమాదం. కుళాయి నీటిని ఒకే పెద్ద డ్రమ్ములో పట్టి, క్లోరిన్ పోయేందుకు ఒక పగలూ ఒక రాత్రీ మూత తీసి ఉంచి, ఆరు తొట్లకూ ఆ నీరే వాడాం. రోజు విడిచి రోజు సన్నని పైపుతో అడుగు మడ్డి లాగి, ప్రతి తొట్టిలోనూ నాలుగో వంతు నీరు మార్చాం. కిటికీ దగ్గరి తొట్టికి వేడి ఎక్కువ తగులుతుంది గనుక, ప్రతి శుక్రవారం తొట్ల స్థానాలు ఒక్కో మెట్టు జరిపాం.

మెత్తగా నూరిన పొడి మేతను ఒకే చిన్న కొలతతో తీసి, తొట్టికి రోజుకొక పొట్లం చొప్పున ఒకే విద్యార్థి కట్టేవాడు. ఫజ్ర్, మగ్రిబ్ నమాజుల తర్వాత రెండు పూటల తొట్లకు సగం సగం వేసేవారు. ఫజ్ర్, జుహ్ర్, అస్ర్, మగ్రిబ్‌ల తర్వాత నాలుగు పూటల తొట్లకు పావు వంతు చొప్పున వేసేవారు. అజాన్ వినబడే ఊళ్లో వేళ తప్పిపోయే భయం లేదు.

కొలవడానికి చేపను చేత్తో పట్టి నీటి బయటికి తీయరాదు. అడుగు చదునుగా ఉన్న గాజు గిన్నె కింద గ్రాఫ్ కాగితం పెట్టి, గిన్నెలో కొద్దిగా నీటితో చేపపిల్లను ఉంచి, పైనుండి ఫోను‌తో ఫొటో తీసి వెంటనే తిరిగి వదిలేవాళ్లం. ముట్టె నుండి తోక మొదలు వరకు ఉన్న పొడవునే లెక్కించాం. మగ గప్పీకి తోక పొడవుగా సాగుతుంది, దాన్ని కలిపితే లెక్క తప్పుతుంది. పైగా ఈడు వచ్చాక ఆడ చేప మగదానికన్నా బాగా పెద్దదవుతుంది. ఆ తేడా మొదలయ్యే లోపలే ముగించాలని పరీక్షను నాలుగు వారాలకే పరిమితం చేశాం. ఫొటోలు చూసి కొలిచే పిల్లలకు అది ఏ తొట్టిదో తెలియనివ్వలేదు. మనం గెలవాలనుకున్న వైపునకు కన్ను తెలియకుండానే అర మిల్లీమీటరు ఒరుగుతుంది. న్యాయపీఠం మీద కూర్చున్నవాడు వాది ఎవరో మరచి వినాలనే నీతి ఇక్కడా వర్తిస్తుంది.

ఇక ఆఖరి కట్టుబాటు, మొదటి రోజే రాసి గోడకు అంటించినది. ఏదైనా తొట్టిలో ఒకే రోజు రెండు పిల్లలు నీరసించి అడుగున పడితే ఆ తొట్టికి పరీక్ష ఆగిపోతుంది, సేవ మొదలవుతుంది. ఒక పిల్ల చనిపోతే మేత పొట్లంలో నాలుగో వంతు తగ్గించి, చనిపోయిందని పుస్తకంలో రాయాలి. ప్రశ్న కోసం ప్రాణి కాదు, ప్రాణి హక్కు తీరాకనే ప్రశ్న.

పుస్తకంలో ఒక గీత

రెండో వారంలో, ఒక తొట్టిని చూసుకునే పదకొండేళ్ల బాలుడు ఇషా తర్వాత నా గది గుమ్మం దగ్గర నిలబడ్డాడు. రెండు రోజుల కిందట తన తొట్టిలో ఒక పిల్ల చనిపోయిందని, ఎవరికీ చెప్పకుండా పెరటిలో పాతిపెట్టి, మిగిలిన పిల్లలున్న పెద్ద తొట్టి నుండి మరొకదాన్ని తెచ్చి వేశానని చెప్పాడు. పుస్తకంలో "నాలుగు" అనే రాశాడట. "నా వల్లే చచ్చిందని అందరూ అంటారని భయమేసింది మౌల్వీ సాబ్" అన్నాడు.

నేను అతన్ని కూర్చోబెట్టి, పక్క తొట్టి చేప ఈ తొట్టి తరఫున ఎందుకు సాక్ష్యం చెప్పలేదో వివరించాను. అది వేరే మేత తిన్నది, వేరే గుంపులో పెరిగింది. చావు నీ తప్పు కాకపోవచ్చు బేటా, చేపపిల్లల్లో కొన్ని ఎంత చూసుకున్నా పోతాయి. కానీ ఆ చావు కూడా ఒక వార్తే. దాన్ని దాచిపెడితే మిగిలిన ఇరవై మూడింటి కష్టం కూడా వృథా అవుతుంది. మనకే వ్యతిరేకంగా ఉన్నా సరే న్యాయం వైపు సాక్షులుగా నిలబడాలని నిసా సూరా మనల్ని ఆదేశిస్తోంది. ఆ ఆయతును అతను అప్పటికే కంఠస్థం చేశాడు. ఆ రాత్రి తానే పుస్తకం తెరిచి, తప్పు అంకె మీద ఒక గీత గీసి, అంకె కనబడేలాగే ఉంచి, పక్కన జరిగినది రాశాడు. మరునాడు ఆ పేజీని తోటివారికి తానే చదివి వినిపించాడు. ఒక్కరూ నవ్వలేదు.

ఆ తొట్టి కొలతలను లెక్క నుండి విడిగా ఉంచాం. పుస్తకం మాత్రం అలాగే ఉంది. అందులో చక్కని అంకెల పేజీలు చాలా ఉన్నా, ఎవరైనా వస్తే నేను చూపేది ఆ గీత ఉన్న పేజీనే.

"తెలియలేదు" అనడం కూడా ఇల్మే

నాలుగు వారాలు ముగిశాయి. రెండు గుంపుల పిల్లలూ పెరిగాయి. కానీ ఒకే గుంపులోని తొట్ల మధ్య కనిపించిన తేడా, రెండు గుంపుల మధ్య కనిపించిన తేడా అంతగానే ఉంది. అంటే ఇన్ని తక్కువ తొట్లతో రెండు పూటలు మేలో నాలుగు పూటలు మేలో చెప్పలేం. "అయితే ఎవరు గెలిచారు?" అని వాదం మొదలుపెట్టినవారు నిరాశగా అడిగారు. ఎవరూ గెలవలేదు, మాకు ఇంకా తెలియలేదు అని పుస్తకం చివర రాయించాను. ఇమాం మాలిక్ (రహ్మ) అంతటి మహనీయులు ఎన్నో ప్రశ్నలకు "నాకు తెలియదు" అని జవాబిచ్చేవారు. అది వారి గౌరవాన్ని తగ్గించలేదు, వారు తెలుసునని చెప్పిన మాటకు విలువను పెంచింది.

మిగిలిన చేపల్ని ఎక్కడ వదలాలన్నది చివరి ప్రశ్న. కాలువలో వదిలేద్దామని కొందరు అన్నారు. గప్పీ దక్షిణ అమెరికా ప్రాంతపు చేప. మన నీటిలో విపరీతంగా పెరిగి స్థానికమైన చిన్న చేపల తిండినీ చోటునూ ఆక్రమించగలదు. దయ అనుకొని చేసే పని మరో ప్రాణికి హాని కారాదు. కనుక, రోజూ మేత వేసి నీరు మార్చే పూచీ తీసుకున్న ఇళ్లకే, తల్లిదండ్రుల అనుమతితో, చేపల్ని ఇచ్చాం.

సోదర సోదరీమణులారా! మీ ఇంట్లో చేపల తొట్టి ఉంటే, ఈ సెలవుల్లో పిల్లలతో ఇలాంటి పరీక్ష ఒకటి చేయించండి. ముందు ప్రశ్నను ఎంచండి, అందులో ఏ ప్రాణికీ కీడు లేదని నిర్ధారించుకోండి. చీటీలు వేయించండి. ఒకటికి బదులు మూడు తొట్లు పెట్టించండి. అన్నిటికన్నా ముఖ్యంగా, చెడ్డ వార్తను దాచకుండా చెప్పిన బిడ్డను ఆ ఇంట్లో గౌరవించండి. అల్లాహ్ మన సంతానాన్ని సత్యానికి సాక్షులుగా, తమ చేతికి అప్పగించిన ప్రతి ప్రాణికీ అమానత్‌దారులుగా తీర్చిదిద్దుగాక! ఆమీన్.